సింగిల్ లేదు, వీడియో లేదు, అయినా నంబర్ వన్: రేడియోహెడ్ ‘కిడ్ ఎ’ని విప్పి చూస్తే

అమెరికాలో ఏ వారం ఏ ఆల్బమ్‌లు ఎక్కువ అమ్ముడయ్యాయో చెప్పే జాబితా బిల్‌బోర్డ్ 200. 2000 అక్టోబర్ 21 తేదీతో వెలువడిన ఆ జాబితాలో మొదటి స్థానం రేడియోహెడ్‌ది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి చెందిన ఐదుగురి బ్యాండ్ అది. ఆల్బమ్ పేరు ‘కిడ్ ఎ’, వాళ్లకి నాలుగోది. అంతకుముందు అమెరికాలో వాళ్ల ఆల్బమ్ ఒక్కటి కూడా మొదటి ఇరవైలోకి రాలేదు. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’ బ్రిటన్‌లో అగ్రస్థానం అందుకున్నా, అట్లాంటిక్ దాటేసరికి 21 దగ్గర ఆగిపోయింది.

అలాంటి బ్యాండ్ ఈసారి గిటార్లను చాలావరకు పక్కన పెట్టింది. సింగిల్, అంటే విడిగా అమ్మే ఒక్క పాట, వదల్లేదు. మ్యూజిక్ వీడియో తియ్యలేదు. పాటల సాహిత్యాన్ని సీడీతో వచ్చే పుస్తకంలో అచ్చు వెయ్యలేదు. ఆల్బమ్ మధ్యలో మాటే లేని ట్రాక్ ఒకటి పెట్టింది. పైగా విడుదలకు మూడు వారాల ముందే ఆల్బమ్, జనం నెట్‌లో పాటల ఫైళ్లు ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్‌లోకి లీకై, కావలసినవాళ్లకి ఉచితంగా దొరికింది. అయినా మొదటి వారంలో ఒక్క అమెరికాలోనే 2,07,000 కాపీలు అమ్ముడుపోయాయి.

దీన్ని వ్యాపారం మీద కళ సాధించిన విజయంగా చెప్పడం చాలామందికి అలవాటు. అంత సీన్ లేదు. ఇక్కడ రెండు చిక్కుముడులు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్నాయి. ఆల్బమ్ ఎలా అమ్ముడుపోయింది అన్నది ఒకటి. ఆ శబ్దాలు ఏమిటి, ఎలా పుట్టాయి అన్నది రెండోది. ‘అర్థం కాకపోయినా జనం కొన్నారు’ అని రెండింటినీ కలిపి తేల్చేస్తే రెండూ విడవు. దేన్ని దానిగా చూడాలి.

నంబర్ వన్ అంటే దేని లెక్క

1991 మే దాకా బిల్‌బోర్డ్ జాబితా దుకాణదారుల మాట మీద నడిచేది. ఏవి బాగా పోతున్నాయని అడిగితే వాళ్లు వరస చెప్పేవాళ్లు. మరిచిపోయిందీ, మొహమాటానికి చెప్పిందీ, కంపెనీ మనిషి చెప్పమన్నదీ అన్నీ అందులో కలిసిపోయేవి. 1991 మే 25 జాబితా నుంచి సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది. బిల్లు కౌంటర్ దగ్గర బార్‌కోడ్ స్కాన్ అయితేనే అమ్మకం. ఈ మార్పుతో జాబితా స్వభావమే మారిపోయింది. పాత పద్ధతిలో ఆల్బమ్‌లు మెట్టు మెట్టుగా పైకెక్కేవి. కొత్త పద్ధతిలో అభిమానులు మొదటి రోజునే కొనేది యథాతథంగా నమోదవుతుంది కాబట్టి నేరుగా పైన దిగడం మామూలైంది. నిలకడగా నెలల తరబడి అమ్ముడుపోయే ఆల్బమ్‌కంటే, ఒక్క వారంలో కుప్పగా అమ్ముడుపోయే ఆల్బమ్‌కి అగ్రస్థానం దక్కే వీలు ఎక్కువ.

అప్పట్లో ఆ లెక్క వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగిసేది. అమెరికాలో కొత్త ఆల్బమ్‌లు వచ్చేది మంగళవారం. ‘కిడ్ ఎ’ అక్టోబర్ 3 మంగళవారం వచ్చింది కాబట్టి మొదటి వారంలో దానికి దొరికినవి ఆరు రోజులే. జాబితా మీద అచ్చయ్యే తేదీ అమ్మకాల వారం ముగిశాక దాదాపు రెండు వారాలకు పడుతుంది. అక్టోబర్ 8తో ముగిసిన వారం 21వ తేదీ జాబితాలో కనిపించడానికి కారణం అదే. బ్రిటన్‌లో ఒక రోజు ముందే, అక్టోబర్ 2 సోమవారం, విడుదలైంది. అక్కడా నేరుగా మొదటి స్థానమే.

2,07,000 పెద్ద అంకెలా కనిపిస్తుంది. అదే ఏడాది మార్చిలో పాప్ బృందం ఎన్‌సింక్ ‘నో స్ట్రింగ్స్ అటాచ్డ్’ మొదటి వారంలో 24 లక్షల కాపీలు అమ్మింది. ‘కిడ్ ఎ’ అమ్మకం అందులో పన్నెండో వంతుకు కాస్త ఎక్కువ. అయినా ఇద్దరికీ రాసింది ఒకటే అంకె: 1. ఎందుకంటే జాబితా కొలిచేది ఎత్తు కాదు, ఆ వారం పక్కన ఎవరున్నారన్నది. ‘కిడ్ ఎ’ వచ్చిన రోజే గ్రీన్ డే ‘వార్నింగ్’ కూడా వచ్చింది, అది నాలుగో స్థానంలో దిగింది. ఎన్‌సింక్ స్థాయి విడుదల మాత్రం ఆ వారం లేదు. రేడియోహెడ్ అగ్రస్థానంలో ఉన్నది ఆ ఒక్క వారమే.

ఇక సింగిల్ సంగతి. మామూలుగా ఆల్బమ్‌కి కొన్ని వారాల ముందు సింగిల్ వస్తుంది, రేడియోలో మోగుతుంది. మన దగ్గర సినిమాకి నెలల ముందే ఒక్కో పాటా లిరికల్ వీడియోగా వదిలేది కూడా ఇదే లెక్కతో: పాట చెవిన పడితే జనం వస్తారు. అయితే సింగిల్‌కి ఒక నష్టం ఉంది. ఒక్క పాట చాలనుకునేవాళ్లు దానితోనే తృప్తిపడి ఆల్బమ్ కొనరు. కొనేవాళ్లు కూడా ‘తర్వాత చూద్దాం’ అని వారాల మీద చెదిరిపోతారు. ‘కిడ్ ఎ’ విషయంలో ఒక్క పాట కావాలన్నా మొత్తం సీడీ కొనాలి, మొదటి రోజు తప్ప ముందు దొరకదు. గిరాకీ అంతా ఒకే వారంలో వచ్చి పడింది. సింగిల్ లేకపోవడం ఆటంకం అయిందనుకుంటాం. మొదటి వారం లెక్కకి అదే కలిసొచ్చింది.

మొదటి వారం నంబర్ వన్ జనం ఇష్టానికి కొలత కాదు, ఎదురుచూపుకి కొలత. ఆ ఎదురుచూపు ‘ఓకే కంప్యూటర్’ సంపాదించి పెట్టింది. మూడేళ్లలో ఆ ఆల్బమ్ నోటి మాట మీద పాకుతూ, చివరికి ‘ఈ దశాబ్దపు గొప్ప రాక్ ఆల్బమ్’ అనిపించుకునే దాకా వచ్చింది. ‘కిడ్ ఎ’ మొదటి వారపు బిల్లులో పెద్ద భాగం పాత ఆల్బమ్ ఖాతాలో కట్టిందే.

ప్రచారం చెయ్యలేదన్నది సగం నిజం

బ్యాండ్ వీడియోలు తియ్యనంది, మామూలు ప్రచారానికి రానంది. అమెరికాలో దీన్ని విడుదల చేసిన క్యాపిటల్ కంపెనీ చేతులు కట్టుకుని మాత్రం కూర్చోలేదు. వీడియోల బదులు ‘బ్లిప్’లు వచ్చాయి. ఒక్కోటి కొన్ని సెకన్ల యానిమేషన్, వెనక పాటలోంచి ఒక ముక్క, అంతే. వాటిని సంగీత చానెళ్లలో వేశారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచారు. పాట ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న దురద మాత్రం మిగులుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ‘ఐబ్లిప్’. ఇది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్లేయర్. అభిమానులు తమ సొంత వెబ్ పేజీలో అతికించుకోవచ్చు. అందులో బొమ్మలు, ముందస్తు ఆర్డర్ లింకు, విడుదలకు ముందే మొత్తం ఆల్బమ్ స్ట్రీమింగ్ ఉండేవి. వెయ్యికి పైగా సైట్లు దాన్ని పెట్టుకున్నాయి, ఆల్బమ్ 4 లక్షలకు పైగా సార్లు స్ట్రీమ్ అయింది. యూట్యూబ్ పుట్టడానికి ఇంకా అయిదేళ్లు ఉండగా, ఎంబెడ్ చేసే ప్లేయర్ అన్న ఆలోచనని ఒక పెద్ద రికార్డు కంపెనీ వాడుకున్న తీరు ఇది. ఫోన్ లైను మీద నడిచే డయల్‌అప్ మోడెమ్‌తో నాణ్యత అంతంతమాత్రం, మధ్యమధ్యలో ఆగిపోయేది. విన్నవాళ్లకి ఆల్బమ్ ఎలా ఉందో తెలిసేది గానీ, సీడీకి బదులుగా దాచుకునేంత సరుకు చేతికి రాదు. కంపెనీకి కావలసిందీ అదే.

నాప్‌స్టర్ కథ ఇంకాస్త చిక్కు. 2000 వేసవిలో బ్యాండ్ మధ్యధరా తీరంలో కచేరీలు చేస్తూ కొత్త పాటలు వాయించింది. బార్సిలోనాలో వాయించిన పాటలు మర్నాటికి నాప్‌స్టర్‌లో ఉన్నాయి. మూడు వారాల తర్వాత ఇజ్రాయెల్‌లో వాయిస్తే, విడుదలే కాని పాటల్ని శ్రోతలు కలిసి పాడారని బాస్ వాయించే కోలిన్ గ్రీన్‌వుడ్ ఆనందంగా చెప్పాడు. తర్వాత స్టూడియో రికార్డింగే లీకైంది. లీకు వల్లే అమ్మకాలు పెరిగాయని కొందరు, లీకు లేకపోతే ఇంకా అమ్ముడయ్యేవని కొందరు. రెండూ నిరూపించలేని మాటలు, లీకు కాని ‘కిడ్ ఎ’ ఇంకొకటి లేదు కదా పోల్చడానికి. చెప్పగలిగిందల్లా ఇంతే: అప్పటి కనెక్షన్ మీద ఒక్క పాట దిగడానికి పదిహేను ఇరవై నిమిషాలు పట్టేది, మధ్యలో ఫోన్ మోగితే మళ్లీ మొదటికి. సీడీ రాసే డ్రైవ్ అందరి దగ్గరా లేదు. అలాంటప్పుడు లీకు రుచి చూపించింది గానీ కడుపు నింపలేదు. అయిదేళ్ల తర్వాత ఇదే లీకు జరిగి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో.

కచేరీల విషయంలోనూ పట్టుదలే. ప్రకటనల బోర్డులు లేని చోట వాయించాలని పదివేలమంది పట్టే సొంత గుడారం వేసుకుని యూరప్ తిరిగారు. ఉత్తర అమెరికాలో ఆ శరదృతువులో చేసినవి మూడే కచేరీలు. ‘ఆప్టిమిస్టిక్’ పాటని రేడియో స్టేషన్లకి పంపారు, దుకాణాల్లో అమ్మలేదు. అక్టోబర్ 14న ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే అమెరికా టీవీ షోలో వాయించారు. ఇదంతా చూశాక ‘ప్రచారం లేకుండా’ అన్న మాట అనలేం. దొరకకపోవడాన్నే ప్రచారంగా మార్చారనాలి.

స్టూడియోలో ఏం తేడా కొట్టింది

‘ఓకే కంప్యూటర్’ కచేరీల యాత్ర ముగిసేసరికి గాయకుడు టామ్ యార్క్ అలసిపోయి ఉన్నాడు. పాట రాయబోతే ముందుకు సాగడం లేదు. తమని అనుకరించే బ్యాండ్లు రేడియో నిండా వినిపిస్తున్నాయి. గిటార్ రాక్ మీద విసుగొచ్చి, వార్ప్ రికార్డ్స్ వాళ్ల ఎలక్ట్రానిక్ సంగీతం, ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటివి, వినడం మొదలుపెట్టాడు. అతనికి కావలసింది లయ, శబ్దం. రాగం అక్కర్లేదు. గిటారిస్టు ఎడ్ ఓ’బ్రయన్ ఆలోచన దానికి పూర్తిగా ఎదురు. ఈసారి మూడేసి నిమిషాల సూటి గిటార్ పాటలు చేద్దామన్నది అతని మాట.

1999 జనవరిలో పారిస్‌లో పని మొదలైంది, మార్చిలో కోపెన్‌హేగెన్‌కి మారింది. అక్కడి రెండు వారాల్లో దాదాపు 50 టేపు రీళ్లు నిండాయి, ఒక్కోటి పదిహేను నిమిషాలు. పన్నెండున్నర గంటల శబ్దం, పూర్తయిన పాట ఒక్కటీ లేదు. కారణం చెప్పడం తేలికే. పాత పద్ధతిలో యార్క్ గిటార్ మీదో పియానో మీదో పాట తెచ్చేవాడు, మిగతావాళ్లు తమ భాగాలు కలిపేవాళ్లు. పాట ఎప్పుడు పూర్తయిందో అందరికీ తెలిసేది. ఇప్పుడు తెచ్చేది ఒక శబ్దపు తునక, ఒక డ్రమ్ మెషిన్ లూప్. దానికి ముగ్గురు గిటారిస్టులు ఏం చెయ్యాలి? డ్రమ్మర్ ఫిలిప్ సెల్వే ఏం చెయ్యాలి? కంపెనీ గడువు కూడా పెట్టలేదు. గడువు లేకపోవడం వరం అనుకుంటాం గానీ, ఏది పూర్తయిందో తెలియనివాళ్లకి అది శాపమే. బ్యాండ్ విడిపోయే మాట కూడా ఆ రోజుల్లో వచ్చింది.

ఏప్రిల్‌లో గ్లోస్టర్‌షైర్‌లోని బాట్స్‌ఫర్డ్ పార్క్ భవంతికి, ఆ సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో సిద్ధమైన సొంత స్టూడియోకి మారారు. 2000 జనవరిలో నిర్మాత నైజెల్ గాడ్రిచ్ ఒక ఉపాయం చేశాడు. బ్యాండ్‌ని రెండు జట్లుగా విడగొట్టి రెండు గదుల్లో కూర్చోబెట్టాడు. ఒక జట్టు శబ్దాలు తయారు చెయ్యాలి, రెండో జట్టు వాటిని కోసి, సాగదీసి, మలచాలి. గిటార్, డ్రమ్స్ లాంటి మామూలు వాయిద్యాలు నిషిద్ధం. ఈ కసరత్తులోంచి ఆల్బమ్‌కి పనికొచ్చింది పెద్దగా లేదు. వాయించే చెయ్యే కాదు, కోసే చెయ్యి కూడా పాట కట్టగలదని మాత్రం అందరికీ ఒంటబట్టింది. ప్రతి పాటలో ప్రతివాడూ వాయించి తీరాలన్న పట్టు అక్కడ సడలింది. ఏప్రిల్ నాటికి రెండు ఆల్బమ్‌లకి సరిపడా పాటలు తేలాయి. మిగిలినవాటిలోంచే 2001లో ‘అమ్నీసియాక్’ వచ్చింది.

సాహిత్యంలోనూ ఇదే పద్ధతి. యార్క్ వాక్యాలు రాసి, ముక్కలు కత్తిరించి, టోపీలో వేసి తీసేవాడు. అందుకే ఈ పాటల్లో కథ వెతికితే దొరకదు. ‘దీని భావమేమి’ అంటూ తలబద్దలు కొట్టుకునే వ్యాసాలు నెట్ నిండా ఉన్నాయి, వాటిని నిశ్చింతగా దాటెయ్యవచ్చు.

శబ్దాలు ఎక్కడివి

మొదటి పాట ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ పియానో మీద పుట్టింది. రికార్డింగ్‌లో అది ప్రాఫెట్-5 సింథసైజర్ మీదికి మారింది. ఒకేసారి అయిదు స్వరాలు పలికే 1970ల చివరి నాటి వాయిద్యం అది. తోడు గిటార్ లేదు. చుట్టూ వినిపించే ముద్ద ముద్ద మాటలన్నీ యార్క్ గొంతే. గాడ్రిచ్ ఆ గొంతుని కంప్యూటర్‌లో ముక్కలు చేసి ముందుకీ వెనక్కీ జరిపాడు. వేదిక మీద ఇదే పనిని బ్యాండ్‌లోని మరో గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ కేయాస్ ప్యాడ్ అనే చిన్న పెట్టె మీద వేలు రాస్తూ అప్పటికప్పుడు చేస్తాడు.

రెండో పాట, ‘కిడ్ ఎ’లో పాడుతున్నది మనిషా యంత్రమా అన్న అనుమానం వస్తుంది. ఇది అర్థం కావాలంటే రెండు పనిముట్ల గురించి తెలియాలి.

ఒకటి ఓండ్ మార్తెనో. మోరిస్ మార్తెనో అనే ఫ్రెంచ్ చెల్లో వాద్యకారుడు 1928లో లోకానికి చూపిన ఎలక్ట్రానిక్ వాయిద్యం. చూడ్డానికి చిన్న కీబోర్డే. కానీ మెట్ల ముందు అడ్డంగా ఒక తీగ సాగి ఉంటుంది, దానికో ఉంగరం. చూపుడువేలికి ఉంగరం తొడిగి ఎటు జరిపితే స్వరం అటు జారుతుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న ప్రతి స్థానమూ పలుకుతుంది కాబట్టి గమకం వేలిలోనే ఉంటుంది. ఎడమచేతి కింద సొరుగులో ఒక మీట ఉంటుంది, అది నొక్కనిదే శబ్దం రాదు. ఎంత లోతుగా నొక్కితే అంత గట్టిగా వస్తుంది. స్వరం ఒక చేతిది, ఊపిరి మరో చేతిది. ఒకసారికి ఒక స్వరమే పలుకుతుంది. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్ ‘తురంగలీల’ సింఫనీలో దీన్ని విని పదిహేనేళ్ల వయసులోనే మోహంలో పడ్డ జానీ, ‘కిడ్ ఎ’లో మొదటిసారి వాడాడు.

రెండోది వోకోడర్. గొంతులోంచి స్వరాన్ని తీసేసి, మాట ఆకారాన్ని మాత్రం ఉంచుకుని, ఆ ఆకారాన్ని వేరే వాయిద్యపు శబ్దం మీద అద్దుతుంది. గొంతు అచ్చు, వాయిద్యం మట్టి. లోపల జరిగేది ఏమిటంటే, గొంతుని కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా పలు పట్టీలుగా విడగొట్టి, ఏ పట్టీలో ఏ క్షణాన ఎంత బలం ఉందో కొలుస్తారు. వాయిద్యపు శబ్దాన్నీ అవే పట్టీలుగా విడగొట్టి, కొలిచిన బలం ప్రకారం ఒక్కోదాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతారు. ఇక్కడ యార్క్ మాటలు పలికాడు, జానీ ఓండ్ మీద రాగం వాయించాడు. పాడినట్టు వినిపించే రాగం జానీ వేళ్లది, మాటలు యార్క్ నోటివి.

‘ది నేషనల్ ఆంథమ్’లో బాస్ వరస యార్క్ బడి రోజుల్లోనే కట్టుకున్నది, రికార్డులో వాయించిందీ అతనే. దాదాపు ఆరు నిమిషాలూ అది మారదు. మారేది దాని మీద పడే బరువు. రెండో సగంలో ట్రంపెట్, శాక్సఫోన్లు, ట్రాంబోన్లు కలిపి ఎనిమిదిమంది వాద్యకారులు దిగుతారు. జాజ్ సంగీతకారుడు చార్ల్స్ మింగస్ బృందపు టౌన్ హాల్ కచేరీలోని గందరగోళం తమకి ఆదర్శమన్నారు. ట్రాఫిక్ జామ్‌లా వాయించమని ఆ ఎనిమిదిమందికి చెప్పారు. గీత దాటితే ఇది గోలే అవుతుంది. కాకపోవడానికి కారణం ఆ బాస్, అది నేల వదలదు. యార్క్ వాళ్లకి సైగలిస్తూ గెంతి గెంతి కాలు విరగ్గొట్టుకున్నాడని చెబుతారు.

‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’ ఈ ఆల్బమ్‌లో బహుశా అందరికీ ఎక్కేది: అకూస్టిక్ గిటార్ ఉంది, రాగం ఉంది. దీని అసలు బలం వెనక ఉన్న వయొలిన్ల బృందం. బ్యాండ్‌లో శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నది జానీ ఒక్కడే. ఓండ్ ఒకసారికి ఒక స్వరమే పలుకుతుంది కాబట్టి ఒక్కో వరసా విడిగా వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ నమూనా మీద వయొలిన్ల రచన కట్టాడు. దాన్ని ఆర్కెస్ట్రా ఆఫ్ సెయింట్ జాన్స్ వాద్యకారులు స్టూడియోకి దగ్గర్లోని డార్చెస్టర్ ఆబీ అనే 12వ శతాబ్దపు చర్చిలో వాయించారు. పెండెరెట్స్కీ, మెస్సియాన్ లాంటి ఆధునిక స్వరకర్తల రచనలు వాయించిన అనుభవం ఉందనే ఆ బృందాన్ని ఎంచుకున్నారు. తంత్రులు జారుతూ శ్రుతి చెదిరేలా వాయించడానికి మొహమాటపడని వాళ్లు కావాలి మరి.

ఇక ‘ఇడియోటెక్’. దీని వెనక కథ ఆల్బమ్ మొత్తంలోకీ రుచికరమైనది. జానీ తన సింథసైజర్ మీద యాభై నిమిషాల పాటు తోచినట్టు వాయించి, ఆ టేపుని యార్క్ చేతిలో పెట్టాడు. అందులో చాలావరకు పనికిరానిదే. మధ్యలో ఒక నిమిషం కూడా లేని ఒక ముక్క యార్క్‌ని పట్టేసింది. అది కత్తిరించి పాట కట్టాడు. ఆ ముక్కలోని నాలుగు స్వరసముదాయాలు (కార్డ్‌లు) జానీ సొంతం కావు. ‘ఫస్ట్ రికార్డింగ్స్: ఎలక్ట్రానిక్ మ్యూజిక్ విన్నర్స్’ అనే 1976 నాటి పాత ఎల్పీలోంచి వచ్చాయి. స్వరకర్త పాల్ లాన్‌స్కీ, రచన పేరు ‘మిల్డ్ ఉండ్ లైస’, 1973లో ప్రిన్స్‌టన్‌లో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ రాసి తయారు చేసిన పద్దెనిమిది నిమిషాల సంగీతం. ఆ పేరు వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టాన్ అండ్ ఇసోల్డ’ లోది, లాన్‌స్కీ తన స్వరాల్ని కట్టుకున్నదీ ఆ ఒపెరాలోని పేరుమోసిన స్వరసముదాయం ఆధారంగానే. అంటే 19వ శతాబ్దపు ఒపెరా స్వరం మెయిన్‌ఫ్రేమ్ మీదుగా, పాత ఎల్పీ మీదుగా డాన్స్ బీట్ మీదికొచ్చి వాలింది. జానీ లాన్‌స్కీకి ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాడు. అదే ఎల్పీలోని ఆర్థర్ క్రీగర్ రచన ముక్క కూడా ఒకటి వాడారు. ఇద్దరి పేర్లూ ఆల్బమ్ మీద ఉన్నాయి.

మిగతావి క్లుప్తంగా. ‘ట్రీఫింగర్స్’ పూర్తిగా ఎడ్ ఓ’బ్రయన్ గిటారే, శాంపిల్ చేసి సాగదీస్తే గుర్తుపట్టలేనంతగా మారింది. ‘ఆప్టిమిస్టిక్’, ‘ఇన్ లింబో’ మామూలు బ్యాండ్ పాటలకి దగ్గరివి. చివరి పాట ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ వాళ్లకి పేరు తెచ్చిన ‘క్రీప్’ కంటే ముందు రాసింది. అందులోని వాయిద్యం కాలితో తొక్కుతూ గాలి ఊది వాయించే రీడ్ ఆర్గన్. పద్యనాటకాల వేదిక పక్కన కాలి హార్మోనియం విన్నవాళ్లకి ఆ బుసబుస కొత్త కాదు.

లెక్క తప్పేది తాళం దగ్గర

కొత్తగా వినేవాళ్లకి ఈ ఆల్బమ్‌లో ఇబ్బంది కలిగించేది శబ్దం అనుకుంటాం. చాలాసార్లు అసలు ఇబ్బంది తాళం. రాక్ సంగీతం నూటికి తొంభై పాళ్లు నాలుగు లెక్కలో నడుస్తుంది. శరీరం నాలుగో దెబ్బ తర్వాత మొదటి దెబ్బ కోసం ఎదురుచూస్తుంది. ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’లో ఆవర్తనానికి పది బీట్లు. నాలుగు నాలుగుగా తల ఊపితే రెండు సార్లయ్యాక రెండు బీట్లు మిగిలిపోయి తడబడతాం. పాట తేలుతున్నట్టు, నిలబడే చోటు లేనట్టు అనిపించేది అందుకే.

కర్ణాటక సంగీతంతో చెవి పరిచయం ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ‘మార్నింగ్ బెల్’ ఆవర్తనానికి అయిదు బీట్లు. సెల్వే డ్రమ్స్ మొదలవగానే బీటుకొక అక్షరం చొప్పున ‘తక తకిట’ అనుకోండి, పాట చివరిదాకా అది తప్పదు. ఖండచాపు వేసుకున్న చేతికి ఇది నల్లేరు మీద నడక. అక్కడ కుదిరాక మొదటి పాటకి వెళ్లి పది లెక్కపెట్టండి. సింథ్ వరస మళ్లీ మొదటికి వచ్చే చోటు పట్టుకుంటే చాలు, రెండు మూడు ఆవర్తనాల్లో తేలుతుంది. ఉరుములూ మెరుపులూ లేని పాటలో అంత బిగువు ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది.

విడుదలయ్యాక

సమీక్షలు రెండుగా చీలాయి. సంగీత సమీక్షల సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది వేసింది. ఇలాంటి ఆల్బమ్ వినడానికి తీరికా ఓపికా పనికెళ్లే మనిషికి ఎక్కడివని నవలా రచయిత నిక్ హార్న్‌బీ ‘న్యూయార్కర్’లో విసుక్కున్నాడు. విసుగులో కొంత న్యాయం ఉంది, మొదటి వినికిడిలో ఈ ఆల్బమ్ చేతికి అందదు. హార్న్‌బీ లెక్కలోకి తీసుకోనిది, ఇందులో సగం పాటలు గిటార్ మీద వాయించుకుంటే మామూలు పాటల్లాగే నిలబడతాయన్నది. తీసేసింది పాటని కాదు, పాటకి అలవాటైన బట్టల్ని. 2001లో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. 2000–2009 దశాబ్దానికి ‘రోలింగ్ స్టోన్’ వేసిన ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానం దీనిదే.

స్ట్రీమింగ్ రోజుల లెక్కలో ఇదే ఆల్బమ్ ఎక్కడుండేది? 2014 చివరి నుంచి బిల్‌బోర్డ్ 200లో స్ట్రీమ్‌లూ లెక్కకొస్తున్నాయి. 2018లో ఖరారై 2025 చివరిదాకా నడిచిన నిష్పత్తి ప్రకారం చందాదారుల స్ట్రీమ్‌లు 1,250 కలిస్తే ఒక ఆల్బమ్ అమ్మకం కింద లెక్క, ప్రకటనలతో వినేవైతే 3,750. ‘కిడ్ ఎ’లో ఉన్నవి పది ట్రాక్‌లు. ఆ నిష్పత్తిలో చందాదారు మొదటి నుంచి చివరిదాకా 125 సార్లు వింటే గానీ ఒక సీడీ కొన్నదానితో సమానం అయ్యేది కాదు. 2,07,000 అమ్మకాలకి సమానం కావాలంటే ఒక్క వారంలో 25 కోట్ల 87 లక్షల స్ట్రీమ్‌లు కావలసి వచ్చేవి. ఆరు నిమిషాల పాటకీ రెండు నిమిషాల పాటకీ స్ట్రీమ్ ఒకటే కాబట్టి, పాటలు తక్కువై, ఒక్కోటి పొడుగ్గా ఉన్న ఆల్బమ్‌కి ఈ లెక్క చేటు. ఇరవై, ముప్పై చిన్న ట్రాక్‌లతో ఆల్బమ్‌లు రావడం వెనక ఈ అంకగణితం కూడా ఉంది.

వినబోయేవాళ్లకి

యాప్‌లో ముందు మూడు చోట్ల చెయ్యి పెట్టాలి. షఫుల్ ఆపెయ్యండి. క్రాస్‌ఫేడ్‌ని సున్నా చెయ్యండి, లేకపోతే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. గ్యాప్‌లెస్ ఉంటే ఆన్ చెయ్యండి. ‘ఆప్టిమిస్టిక్’ చివర్లో బ్యాండ్ లయ మార్చి అలాగే ‘ఇన్ లింబో’లోకి జారుతుంది, అక్కడ అర సెకను ఖాళీ పడినా ఆ జారుడు తెగిపోతుంది.

ఫోన్ స్పీకర్ మీద ‘ది నేషనల్ ఆంథమ్’ వినవద్దు. బాస్ పునాది స్వరాలు ఆ స్పీకర్ పలికించలేనంత కింద ఉంటాయి. బాస్ పోతే మిగిలేది ఎనిమిదిమంది గోల. మామూలు వైరు ఇయర్‌ఫోన్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు. సీడీలో చివరి ట్రాక్ నిడివి దాదాపు ఏడు నిమిషాలు చూపిస్తుంది. పాట అందులో సగం సేపే. తర్వాత నిశ్శబ్దం, ఆ మధ్యలో ఒక చిన్న వాద్యపు ముక్క, మళ్లీ నిశ్శబ్దం. ప్లేయర్ ఆగిపోలేదు.

వరసలో వినడం బాధగా ఉంటే ‘ఆప్టిమిస్టిక్’తో మొదలుపెట్టి, ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’, ఆ తర్వాత ‘ఇడియోటెక్’ వినండి. అప్పుడు మొదటి పాట నుంచి మొత్తం. చివరిగా ‘అమ్నీసియాక్’ తెరిస్తే అందులో ‘మార్నింగ్ బెల్’ మళ్లీ కనిపిస్తుంది, వేరే రూపంలో, నెమ్మదిగా. దానికీ ‘తక తకిట’ వెయ్యబోతే చెయ్యి తప్పుతుంది. ఈసారి లెక్క నాలుగు.